టో బార్‌కి పెట్టిన బొట్టు

నందిగామ,
20 జూన్ 2001.

అక్కయ్యకి నమస్కారాలు.

బావగారు సుమో వెనక టో బార్ పెట్టించారని, జనరేటరు ట్రాలీని ఇకనుంచి దానికే తగిలించి లాగుతారని రాశావు. సంతోషం. పెళ్లిళ్ల రోజుల్లో ట్రాక్టరు కోసం ఊరంతా తిరిగే బాధ తప్పుతుంది. బండి తోలే పుల్లయ్య సిమెంటు ఫ్యాక్టరీలో పనికి కుదిరిపోయాక డ్రైవరూ బావగారే, మెకానిక్కూ బావగారే కాబట్టి, ఆ వస్తువుని ఎలా వాడాలో నన్ను వివరంగా రాయమన్నావు. హైస్కూల్లో సైన్సు చెప్పే తమ్ముడు ఉన్నందుకు నీకు ఇన్నాళ్లకి ఒక ఉపయోగం కనపడింది.

విజయవాడలో తయారుచేసినాయన ఇచ్చిన కాగితం నువ్వు పంపిన జిరాక్సులో చూశాను. ఇది విప్పి తీసే రకం. ట్రాలీ లేనప్పుడు విప్పి లోపల పెట్టేసుకోవాలి. మీ బజార్లో అది బండి వెనక పొడుచుకుని ఉంటే వచ్చేపోయేవాళ్ల మోకాలిచిప్పలు మిగలవు.

బిగించేటప్పుడు ముందు బండి కింద ఉన్న గొట్టంలో గుడ్డ పెట్టి దుమ్మంతా తుడవాలి. బార్‌ని అందులోకి కింద నుంచి పైకి గట్టిగా నెట్టాలి. టక్కుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దాన్ని నమ్మి లేచిపోకూడదు. పక్కన గుండ్రటి నాబ్ ఉంటుంది. దాని మీద పచ్చ గుర్తు కనపడితే లోపల తాళం పడినట్టు, ఎర్ర గుర్తు కనపడితే పడనట్టు. పచ్చ చూశాక కూడా బార్‌ని రెండు చేతులతో పట్టుకుని కిందికి గుంజి చూడాలి. అప్పుడు ట్రాలీ మూతిని బార్ చివర ఉన్న గుండు మీద కూర్చోబెట్టాలి. ట్రాలీకి ఒక గొలుసు కూడా ఉంటుంది. దాన్ని బండి చాసిస్‌కి ఉన్న రింగుకే తగిలించాలి. అలా కాక బార్ మెడకి చుట్టారంటే, బార్ ఊడిన రోజున గొలుసూ దాంతోపాటే పోతుంది.

ఈ ఉత్తరం బావగారికి ఇవ్వు. పాఠం చెప్పాడని విసుక్కోవద్దను.

ఉమాకాంతం

జగ్గయ్యపేట,
9 జూలై 2001.

చిరంజీవి ఉమాకాంతానికి అక్కయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇస్తే మీ బావ కుర్చీలో వెనక్కి వాలి “చదువు” అన్నారు. చదివి వినిపించాను. గొట్టం తుడవడం దాకా బుద్ధిగానే విన్నారు. నాబ్ దగ్గరికొచ్చేసరికి “టక్కుమందంటే పడ్డట్టే. ఇన్నేళ్లనించీ ఇనుముతో కాపరం చేస్తున్నా, నాకు చెప్తాడా వాడు” అన్నారు. గొలుసు దగ్గరికొచ్చేసరికి లేచి లోపలికి వెళ్లిపోయారు. మిగిలింది నేనే చదువుకున్నాను.

బార్ మాత్రం బాగానే పనిచేస్తోంది. ప్రతి బుకింగుకీ నేను కూడా వెంట వెళ్తున్నాను. పందిట్లో ఆడవాళ్లు “జనరేటరుకి తోడొచ్చారా అండీ” అని నవ్వుతారు. బల్బులు లెక్క చూసుకోవడానికి వచ్చానని చెప్తాను. ఇంటికొచ్చాక నడుం వంగదు. వంగితే లేవదు. వచ్చే నెలంతా శ్రావణమాసం పెళ్లిళ్లు. తలుచుకుంటేనే ఒళ్లు బరువెక్కుతోంది.

భారతీదేవిని అడిగానని చెప్పు. నీ భార్య చేసిన మాగాయ ఇంకా మిగిలి ఉంటే ఒక సీసా పంపమను. ఈ ఏడాది నేను పచ్చళ్లు పెట్టలేదు. ఓపిక లేదు.

చూడామణి

నందిగామ,
18 ఆగస్టు 2001.

అక్కయ్యకి నమస్కారాలు.

మాగాయ కండక్టరు చేతికిచ్చి పంపాను. సీసా వెనక్కి రాకపోయినా ఫర్వాలేదని భారతి అంటోంది గానీ, మనసులో మాట అది కాదు.

ఒక సంగతి అడుగుతాను, కోప్పడకు. బావగారు ఇంటికొచ్చిన కవరుని ఇంకొకళ్ల చేత చదివించుకునే మనిషి కాదు. నీకు పెళ్లయిన కొత్తలో అమ్మ రాసిన ఉత్తరాలు సైతం ఆయన చదివాకే నీ చేతికి వచ్చేవి. ఆ సంగతి చెప్పుకుని మనం ఎన్నిసార్లు నవ్వుకోలేదు? అలాంటి మనిషి కుర్చీలో వాలి చదవమన్నాడంటే నాకు నవ్వు రాలేదు.

మొన్న నేను బస్సులో వస్తుంటే లారీలు అడ్డం పడి హైవే మీద బళ్లన్నీ ఆగాయి. మీ సుమో మా కిటికీ పక్కనే ఆగింది. చెయ్యి చాపితే అందేటంత దగ్గర. “బావగారూ” అని పిలిచాను. ఆయన నా వైపు తిరిగి, నా మొహంలోకే చూస్తూ “ఎవరండీ?” అన్నారు. నువ్వు ఆయన చెవి దగ్గర ఏదో అన్నాక “ఓ, ఉమాకాంతమా” అన్నారు. ఇంతలో బస్సు కదిలింది. నువ్వు నా వైపు చూడలేదు.

ఆయన కళ్లకి ఏమైంది అక్కయ్యా?

ఉమాకాంతం

జగ్గయ్యపేట,
27 నవంబరు 2001.

చిరంజీవి ఉమాకాంతానికి ఆశీస్సులు.

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. ఓపిక లేకపోయిందనుకో. ఆ రోజు ఎండ ఆయన మొహాన కొడుతోంది. విజయవాడ వెళ్లి చూపించుకుని వచ్చారు, కళ్లజోడు మారిస్తే చాలన్నారట. ఇక ఆ మాట వదిలెయ్.

ఇప్పుడు రాస్తున్నది వేరే. నాలుగు రోజుల కిందట వేదాద్రిలో పెళ్లికి జనరేటరు తీసుకెళ్తుంటే ట్రాలీ ఊడిపోయింది. ట్రాలీ ఒక్కటే కాదు, బార్ సుద్ధా ఊడి దాంతోపాటే పోయింది. రోడ్డు కాస్త దిగుడుగా ఉండే చోటు. సున్నపురాయి లారీ ఒకటి అప్పుడే మమ్మల్ని దాటుకుని వెళ్లింది. వెనక ఏదో ఈడ్చుకుంటున్నట్టు చప్పుడైంది. తిరిగి చూసేసరికి ట్రాలీ తనంతట తాను రోడ్డు దిగి పత్తి చేలోకి పోతోంది. చేలో పత్తి తీస్తున్న లూర్దమ్మ అనే ఆవిడ పక్కకి దూకింది. దూకినందుకు బతికింది. మోచెయ్యి బాగా దోక్కుపోయింది. నేనే ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “ఎట్లా ఊడిందమ్మా?” అని మాత్రం అడిగింది. మందులు కొనిచ్చి వచ్చేశాను.

తయారుచేసినవాడిదే తప్పని మీ బావ అంటున్నారు. గట్టిగా ఒక ఉత్తరం రాయించాలట. ముందు నువ్వు చూడు. బార్‌ని గోనెసంచిలో చుట్టి బస్సులో పంపుతున్నాను. బరువు జాగ్రత్త, కాలి మీద పడేసుకోకు. దసరాకి అన్నిటికీ ఆయుధపూజ చేసి నెలే అయింది. ఎందుకిలా అయిందో నాకు అర్థం కావడం లేదు.

చూడామణి

నందిగామ,
5 డిసెంబరు 2001.

అక్కయ్యకి నమస్కారాలు.

బార్ అందింది. బడికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టుకుని ఒక పూటంతా చూశాను. తయారీలో తప్పేమీ లేదు. ఆ విజయవాడ ఆయనకి ఉత్తరం రాయించే పని పెట్టుకోవద్దు.

తప్పు పూజలో జరిగింది. గొట్టంలోకి వెళ్లే భాగమంతా నువ్వు పసుపు రాశావు. అది ఎండి పెచ్చు కట్టింది. అది అడ్డం పడి బార్ పూర్తిగా పైకి పోవడం లేదు. టక్కుమంటుంది, తాళం మాత్రం సగమే పడుతుంది. పోనీ నాబ్ చూసి కనిపెడదామంటే, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టావు. పచ్చా ఎరుపూ రెండూ ఆ బొట్టు కిందే ఉన్నాయి. నెల రోజులు మీరు బండి కింద చూసింది కుంకుమని. ఇక బార్ మెడ మీద గొలుసు ఒరుసుకున్న గీతలు ఉన్నాయి. అంటే నేను ఏది వద్దని రాశానో అదే చేశారు. రింగుకి తగిలించి ఉంటే ట్రాలీ బండి వెనకే ఈడ్చుకుంటూ వచ్చేది, చేలోకి పోయేది కాదు.

కిరసనాయిలు గుడ్డతో అంతా తుడిచి, శుభ్రం చేసి పంపుతున్నాను. బండి కింద గొట్టంలో కూడా పసుపు ఉంటుంది, గోకించండి. ఇకమీదట దానికి బొట్టు పెట్టకు.

ఒకటే నాకు మింగుడు పడటం లేదు. గుర్తు కనపడటం లేదని బావగారు నెల రోజులు ఎందుకు అనుకోలేదు?

ఉమాకాంతం

జగ్గయ్యపేట,
12 డిసెంబరు 2001.

ఉమాకాంతానికి,

గోనెసంచి విప్పాను. పసుపు రాసి బొట్టు పెట్టి నేను పంపిన వస్తువు బోడిగా నా గుమ్మంలోకి వచ్చింది. కిరసనాయిలు వాసన వేసుకుంటూ. నీకు చదువుంది, తెలివుంది, కానీ ఏ ఇంటి వస్తువు మీద బొట్టు తుడుస్తున్నావో ఒక్క క్షణం ఆలోచించావా? నేను దాన్ని చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాను. పక్కింటి రత్నమణి “ఏమైంది వదినా” అని అడిగితే లోపలికి వచ్చేశాను. వచ్చి ముందు దానికి బొట్టు పెట్టాను, ఆ నాబ్ మీదే పెట్టాను. తర్వాతే మంచినీళ్లు తాగాను.

అడుగుతూనే ఉన్నావు కదా, విను. మీ బావకి కనపడటం లేదు. ఉగాది నాడు పచ్చడి గిన్నె ముందు పెడితే, గిన్నె పక్కన నేల మీద చెంచా పెట్టి తీసుకుంటున్నారు. అప్పుడు తెలిసింది నాకు. ఆ తర్వాత ఒక్కొక్కటీ కనపడుతూ వచ్చింది. బొత్తాలు తడిమి పెట్టుకుంటున్నారు. మనిషిని గొంతు విన్నాకే పలకరిస్తున్నారు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానిలో ఏదో మసక మిగిలింది. షుగరు చేసిన పని. విజయవాడలో డాక్టరు ఏం చెప్పారో నాకు తెలీదు, ఒక్కరే వెళ్లి వచ్చారు. కళ్లజోడు మారిస్తే చాలన్నారని తప్ప ఆయన నాకేమీ చెప్పలేదు. నాకు తెలుసని నేనూ ఆయనకి చెప్పలేదు. ఎలా చెప్పమంటావు? ఆయన పందిట్లో అడుగుపెడితే “రామకోటేశ్వరరావుగారు వచ్చారు, ఇక కరెంటు పోయినా దిగుల్లేదు” అంటారు. ఆ మాట వినడానికే పొద్దున్న లేచే మనిషి. ఆ బండి, ఆ జనరేటరు తీసేస్తే మిగిలినాయన్ని నేను ఎక్కడ కూర్చోబెట్టను?

అందుకే వెంట వెళ్తున్నాను. బల్బుల కోసం కాదు. ఆయన బార్ బిగించి లేచాక, ఏదో పడిపోయినట్టు వెనక్కి వెళ్లి, వంగి నాబ్ చూసేదాన్ని. నువ్వు రాసిన పచ్చ కనపడితేనే వచ్చి ఎక్కేదాన్ని. ఆ సంగతి ఆయనకి తెలీదు. దసరా నుంచి వంగినప్పుడల్లా ఎరుపు కనపడేది. నా బొట్టే కదా అనుకునేదాన్ని. వేదాద్రి వెళ్లిన రోజున కూడా అలాగే అనుకున్నాను. ఆయనకి లేని చూపు నేనే అనుకున్నాను, ఆ చూపు మీద నేనే కుంకుమ పెట్టాను. లూర్దమ్మ అడిగినదానికి జవాబు ఇదీ. పోయి ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు.

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పగలు కూర్చుంటే తూగు వస్తోంది. ఏం చెయ్యాలో తెలిస్తే రాయి. తెలియకపోతే ఏమీ రాయకు.

చూడామణి

నందిగామ,
20 డిసెంబరు 2001.

అక్కయ్యకి,

నీ ఉత్తరం చదివి భారతికి ఇచ్చాను. తను చదివి, “బొట్టు తుడిచి పంపారా? ఆడవాళ్లెవరినీ అడక్కుండానే?” అని నా వైపు ఒక చూపు చూసింది. రంగు తుడుస్తున్నాననుకున్నాను, అక్కయ్యా. నా బుద్ధి అక్కడితోనే ఆగిపోయింది. నిన్ను బాధపెట్టాను. క్షమించు.

బొట్టు మానెయ్యమని ఇక అనను. బానెట్ మీద పెట్టు, స్టీరింగ్ మీద పెట్టు, జనరేటరుకి నిలువెల్లా పెట్టు. ఆ నాబ్ ఒక్కదాన్నీ, గొట్టంలోకి వెళ్లే ఇనుముని మాత్రం వదిలెయ్. అవి శుభ్రంగా ఉంటేనే ఆయనకి క్షేమం. ఇప్పుడు పెట్టినదాన్ని నువ్వే నీ చేత్తో, నీకు తోచిన పద్ధతిలో తియ్యి. నేను ముట్టుకోను.

కానీ నాబ్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన సరిపోదని నీకూ తెలుసు. బిగించడం ఒక నిమిషం పని, అది నువ్వు వంగి చూస్తావు. ఆ తర్వాత గంటలకొద్దీ రోడ్డు ఉంది. దాన్ని ఎవరు చూస్తారు? లూర్దమ్మ పెద్దది కాబట్టి, చప్పుడు విని దూకింది. మా బడి గేటు రోడ్డు పక్కనే. సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ రోడ్డెక్కుతారు. మీ సుమో, దాని వెనక అంత బరువున్న ట్రాలీ అటు వస్తున్నట్టు నాకు రోజూ కనపడుతోంది. గేటు దగ్గర నిలబడి పిల్లల్ని కేకలేస్తున్నాను. వాళ్లకి ఎందుకో తెలీదు.

నేను వచ్చి బావగారికి చెప్పగలను. మా ఇద్దరికీ మాటలు పోయినా ఫర్వాలేదు. కానీ ఆయన ఆ మాట నా నోట వింటే, నువ్వు నాకు చెప్పావని తెలుస్తుంది. ఆ తర్వాత నీతో మామూలుగా ఉండలేరు. నువ్వు చెప్పడమే మంచిది. పుష్యమాసంలో పెళ్లిళ్లు లేవు, బండి ఎలాగూ తియ్యరు. మాఘం వచ్చేలోగా చెప్పు. చెప్పలేకపోతే నాకు రాయి, అప్పుడు నేనే వస్తాను.

ఉమాకాంతం

జగ్గయ్యపేట,
20 ఫిబ్రవరి 2002.

చిరంజీవి ఉమాకాంతానికి అక్కయ్య ఆశీస్సులు.

పుష్యమాసం అంతా చెప్పలేకపోయాను. మాఘంలో మూఢం వల్ల పెళ్లిళ్లు లేక బండి తియ్యలేదు, అప్పుడూ చెప్పలేదు. రోజూ పొద్దున్న కాఫీ ఇచ్చేటప్పుడు చెబుదామనుకునేదాన్ని. ఆయన గ్లాసు కోసం చెయ్యి చాపితే, ఆ చేతికి అందేలా గ్లాసు జరిపి ఊరుకునేదాన్ని. నీకు రాయలేదు. రాస్తే నువ్వు వస్తావని రాయలేదు.

మొన్న మైలవరంలో పెళ్లికి బుకింగు వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన బార్ తీసుకుని బండి వెనక కూర్చున్నారు. అంతకు ముందు రోజే నాబ్ మీద బొట్టుని తడిగుడ్డతో నేనే తీశాను. తీసిన గుడ్డ తులసికోట దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకుని, కొత్తగా బానెట్ మీద పెట్టాను. ఆయన బార్ పైకి నెట్టారు. టక్కుమంది.

“పడిందాండీ?” అని అడిగాను.

“ఆ, పడింది. పచ్చగానే ఉంది.”

పక్కన కూర్చుని చూశాను. ఎర్రగా ఉంది. ఈసారి కుంకుమ అనుకోవడానికి లేదు.

“ఇంకోసారి చూడండి” అన్నాను.

“చూశాగా. పచ్చే.”

“పచ్చ కాదండీ. ఎరుపు.”

ఆయన చెయ్యి నాబ్ మీదే ఉంది. బొటనవేలితో దాన్ని రుద్దుతున్నారు, రంగు వేలికి తెలుస్తుందేమో అన్నట్టు. అలా రుద్దుతూనే “నీకెప్పట్నించి తెలుసు?” అన్నారు.

“ఉగాది నించి.”

“ఉగాది నించి తెలిసీ నా పక్కన కూచుని వచ్చావా? అన్ని ఊళ్లకీ?”

“మిమ్మల్నొక్కళ్లనీ ఎట్లా పంపను?”

ఆయన నాబ్ మీంచి చెయ్యి తీసేశారు. తర్వాత, “అందుకా, దారి పొడుగునా అట్లా మాట్లాడేదానివి. ఎడం పక్క గేదెలు, ఎదురుగా లారీ, అదుగో సైకిలూ అని” అన్నారు. నిజమేరా, నీకు ఈ సంగతి రాయలేదు. బండి ఎక్కింది మొదలు దిగేదాకా దారి చెబుతూ ఉండేదాన్ని. నాకు వాగుడెక్కువైందని విసుక్కునేవారు. విసుక్కుంటూనే, గేదెలు అనగానే బ్రేకు మీద కాలు పెట్టేవారు.

“ఆ పత్తి చేలో ఆవిడ నాకు కనపళ్లేదు. నువ్వు అరిస్తే తెలిసింది. చెయ్యెట్లా ఉందావిడకి?” అన్నారు.

మానిందని చెప్పాను. నాబ్ మీద బొట్టు సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. తిడతారనుకున్నాను. “నీ తప్పేముంది, చూడాల్సింది నేను కదా” అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన పక్కనే మట్టిలో కూర్చుని ఏడ్చాను. రత్నమణి పిట్టగోడ మీంచి చూస్తోందని తెలిసినా ఆపుకోలేకపోయాను.

కాసేపయ్యాక జేబులోంచి బండి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, పుల్లయ్యకి కబురు పంపమన్నారు. ఫ్యాక్టరీలో ఆ రోజు అతనికి సెలవట, వచ్చాడు. నేను ఏదో జ్వరమనో, నీరసమనో చెప్పబోతున్నాను. ఈలోగా ఆయనే బయటికి వచ్చి, కిరాణా కొట్టు దగ్గర నలుగురు నిలబడి ఉండగా, “నాకు కళ్లు పోయినయ్ పుల్లయ్యా. ఇంక బండి నువ్వే తోలాలి” అన్నారు. అంత మాట అంత మామూలుగా అనేశారు. పుల్లయ్య ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, “అట్టాగేనండి” అని, వెళ్లి బండి అద్దాలు సర్దుకున్నాడు. వారానికి రెండు రోజులు రాగలనన్నాడు. ఆ రెండు రోజులకే బుకింగులు తీసుకుంటాం. అంతకంటే ఎక్కువ చెయ్యాలని నాకూ లేదు.

బార్ మాత్రం మేమిద్దరమే బిగించాం. ఆయన గొట్టంలో వేలు పెట్టి తిప్పి, మూల ఇంకా ఎక్కడో పసుపు తగులుతోందన్నారు. గోకి శుభ్రం చేశాం. నేను నెట్టాను. పచ్చ కనపడింది. ఇద్దరం కలిసి కిందికి గుంజాం, కదల్లేదు. గొలుసుని ఆయన తడుముకుంటూ పోయి రింగుకి తగిలించారు. ఎక్కడ తగిలించాలో ఆయనకి మొదటి నుంచీ తెలుసట. రింగు లోపలికి ఉంటుంది, కనపడక బార్ మెడకి చుట్టేవారట.

వద్దన్నా వినకుండా ఆయన కూడా మైలవరం వచ్చారు. వెనక సీట్లో నా పక్కన కూర్చున్నారు. చిల్లకల్లు దాటేదాకా నేను అలవాటు కొద్దీ లారీ, సైకిలు అంటూనే ఉన్నాను. పుల్లయ్య పాపం ప్రతిదానికీ “చూశానండి” అంటున్నాడు. ఆయన నా చేతి మీద చెయ్యి వేసి, “ఇంక చాల్లే, పడుకో” అన్నారు.

పడుకున్నాను. నందిగామ ఎప్పుడు దాటామో కూడా తెలీదు. మైలవరంలో పందిరి దగ్గర ఆయన లేపేదాకా నాకు మెలకువ రాలేదు.

చూడామణి